ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషనా, 1787 రాజ్యాంగమా?

అమెరికాకి ఇప్పుడున్న రాజ్యాంగం రెండోదండీ, మొదటిది 1781లో అమల్లోకొచ్చిన ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్, అందులో కాంగ్రెస్‌కి, అంటే అక్కడి పార్లమెంటుకి, పన్ను వేసే పవరే లేదు, స్వాతంత్ర్య యుద్ధం అప్పులు తీర్చాలన్నా రాష్ట్రాల్ని డబ్బులు అడగాల్సిందే, ఇస్తే ఇచ్చినట్టు లేకపోతే లేదు. దిగుమతుల మీద 5 శాతం సుంకం వేద్దామంటే 1782లో రోడ్ ఐలండ్ రాష్ట్రం ససేమిరా అంది, సవరణకి 13 రాష్ట్రాలూ సరే అనాలి కాబట్టి ఆ ప్లాన్ మూలనపడింది. ఇలా అయితే దేశం ఎలా నడుస్తుంది చెప్పండి!

1787లో ఫిలడెల్ఫియాలో రాసిన రెండో రాజ్యాంగంలో పన్ను వేసే పవర్ నేరుగా కాంగ్రెస్‌కి ఇచ్చారు, ప్రెసిడెంట్, సుప్రీంకోర్టు కూడా వచ్చాయి. సవరణకి రెండు సభల్లో మూడింట రెండొంతులు, ఆపైన రాష్ట్రాల్లో నాలుగింట మూడొంతులు చాలు, అయినా ఇప్పటిదాకా అయినవి 27 సవరణలే. నా ఓటు రెండోదానికే, కాకపోతే పౌరుల హక్కుల్ని కాపాడే సవరణలు 1791 దాకా రాకపోవడం మాత్రం పెద్ద లోటే.