పాంటాప్రజోల్ 40 వాడినాను, మొదటి నాలుగు రోజులు నేనే చెడగొట్టుకున్నాను

అనంతపురంలో బట్టలు కుడతాను. పెండ్లిళ్ల సీజన్ వస్తే రాత్రి పదిదాకా బ్లౌజుల మీద వంగే ఉంటాను. పదకొండుకు సంగటి, ఊరిబిండి తిని అట్లే పడుకునేదాన్ని. నడిరేయి గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్ని, దగ్గుకుంటూ లేచి కూర్చోవాల్సి వచ్చేది. డాక్టరమ్మ కడుపులో యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ 40 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకొకటి, నాలుగు వారాలు రాసింది.

నాలుగు రోజులు వేసుకున్నా ఏమీ తేడా లేదు. చీటీలో పరగడుపున అనే ఉంది. ఖాళీ కడుపుతో వేసుకుంటే ఇంకా మండుతుందేమోనని భయపడి, ఉగ్గాని తిన్నాక వేసుకున్నాను. జెలూసిల్ అనే పింకు మందు తాగితే నిమిషాల్లో చల్లబడేది, దీనికేమొచ్చిందని మిగిలిన మాత్రలు తీసుకొని మందుల షాపుకు పోయినాను.

అక్కడి పిల్లోడు గిరాకీ ఉన్నా ఓపికగా చెప్పినాడు. "అక్కా, ఆ పింకు మందు కడుపులో ఉన్న యాసిడ్‌ను అప్పటికప్పుడు విరుస్తుంది, కాసేపే పని చేస్తుంది. ఈ మాత్ర యాసిడ్ ఊరించే పంపులనే మూసేస్తుంది. మనం తిన్నప్పుడే అవి పని మొదలుపెడతాయి. అప్పటికి మందు రక్తంలో ఉండాల. అందుకే అరగంట, గంట ముందు. అన్ని పంపులూ ఒక్కరోజులో మూతపడవు, మూడు నాలుగు రోజులు చూడాల." నమలొద్దు, తుంచొద్దు అని కూడా చెప్పినాడు. పైపూత పోతే కడుపులోని యాసిడే మందును పాడుచేస్తుందంట.

మరుసటి రోజు నుంచి ఆరింటికి నీళ్లతో మింగి, వాకిలి ఊడ్చి, ముగ్గేసి, ఆరూముక్కాలుకు టిఫిన్. మూడోరోజుకు పగటి మంట తగ్గింది. రాత్రి దగ్గు అంత సులువుగా పోలేదు. రెండోవారం చివర్లో గానీ ఒక్క నిద్రలో తెల్లవారలేదు. గొంతు బొంగురు అన్నిటికంటే ఆఖరున, నాలుగోవారంలో పోయింది.

మందు మంచిదే. నాలుగు వారాలయ్యాక ఆపితే మాత్రం మంట మళ్లీ ఎగిసి, మూడురోజులు ఉండింది. ఆపిన కొత్తలో కడుపు యాసిడ్ ఎక్కువ ఊరిస్తుంది, అంతవరకు జెలూసిల్ తాగమంది డాక్టరమ్మ. నిజంగానే తగ్గిపోయింది. మా వీధిలో అడక్కుండానే ఏండ్ల తరబడి ఈ మాత్ర మింగేవాళ్లున్నారు. ఏండ్లు వాడితే ఒంట్లో బి12 విటమిన్, మెగ్నీషియం తగ్గొచ్చు, దయచేసి డాక్టరును అడగండి. ఇంకొకటి. ఛాతీ బిగపట్టి, చెమటలు పోసి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే గ్యాసు అనుకొని దీన్ని మింగి కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి పోండి.

ఇప్పుడు మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టినాము. రాత్రి ఎనిమిదికే తినేస్తాను, తిన్నాక మిషన్ ముట్టను. మాత్ర కోసం ఆరింటికి లేచే అలవాటు అట్లే ఉండిపోయింది, మిగిలిన బ్లౌజులు అప్పుడు కుడుతున్నాను.