తేమ ఊళ్ళో పంప్ తుపాకి: కొన్నేళ్ళు వాడాక

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడి వైపు తుపాకి పేల్చి పేల్చి అరిగిపోదు, తేమకి పాడవుతుంది. కొత్తగా లైసెన్సు చేతికొచ్చినవాళ్ళు ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే హంగులకి పోసే డబ్బులో సగం మిగుల్తుంది. నా దగ్గరున్నది దేశంలోనే తయారైన 12 బోరు పంప్ యాక్షన్, అంటే ముందు చెక్కని వెనక్కి లాగి ముందుకి తోస్తే పేలిన తూటా బయటపడి కొత్తది ఎక్కే తుపాకి. కొండ వాలున జీడితోట, కింద మొక్కజొన్న, ఇంకా కిందికి కొంచెం వరి. రాత్రి కాపలాకి వెళ్ళే రైతుగా రాస్తున్నాను గానీ, పోటీల్లో మట్టి పళ్ళేలు కొట్టే షూటరుగా కాదు.

సెమీ ఆటోమేటిక్ ఎందుకు తీసుకోలేదని చాలామంది అడుగుతారు, ముఖ్యంగా ఫోన్లో విదేశీ వీడియోలు చూసే కుర్రాళ్ళు. మన ఆయుధ నియమాల్లో సెమీ ఆటోమేటిక్‌లు మొదటి కేటగిరీలో ఉంటాయి. కలెక్టరాఫీసు నుంచి వచ్చే మామూలు లైసెన్సు మీద దొరికేవి కావవి. అది పక్కన పెట్టినా నా ఓటు పంపుకే. సెమీ ఆటోమేటిక్‌లో పేలిన తూటా తాలూకు గ్యాసో, వెనక్కి తన్నే ఊపో తర్వాతి తూటాని ఎక్కించాలి. గ్యాసు రకంలో గొట్టం అడుగున ఉండే సన్నటి బెజ్జాలకీ పిస్టన్‌కీ మసి పట్టిందంటే మొరాయిస్తుంది. తూటా బలం తక్కువైనా తూటాని లోపలికి తోసి మూసే బోల్టు సగంలో ఆగిపోతుంది. పంపులో ఆ పని ఎడమచెయ్యి చేస్తుంది, తూటా బలంతో నిమిత్తం లేదు. శుభ్రం చెయ్యడానికి విప్పాల్సిన భాగాలూ తక్కువే.

ఇక తుపాకి సంగతి. గట్టిది, బరువైనది, నాజూకుతనం బొత్తిగా లేదు. కొత్తలో ముందు చెక్క వెనక్కి లాగితే గరగరమనేది. ముందు చెక్కని లోపలి యంత్రంతో కలిపే యాక్షన్ బార్లు జారే గాడుల్లో తయారీనాటి చిన్న చిన్న అంచులు ఉండేవి. ఖాళీ తుపాకితో, మందులేని డమ్మీ తూటాలు వేసి సాయంత్రాలు ఆడించగా ఆడించగా దానంతటదే నునుపెక్కింది. ఆకురాయి పట్టకండి. లోపలి భాగం అరిగితే లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గరికే వెళ్ళాలి, ఊళ్ళో లేతు మిషను వాడి దగ్గరికి కాదు. చట్టం కూడా అదే చెబుతుంది. గొట్టం మీది నీలిపూత మాత్రం పల్చన. చెమట చేత్తో పట్టుకుని అలాగే మూల నిలబెడితే తెల్లారేసరికి వేలిముద్రలు ఎర్రగా తేలతాయి.

మాకు జూన్‌లో మొదలైన తేమ నవంబరు దాకా వదలదు. నైరుతి వానలు అవగానే బంగాళాఖాతం వాయుగుండాలు అందుకుంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఇంట్లో చెక్క బీరువాలే ఉబ్బిపోయాయి, ఇక ఇనుమెంత? అందుకే ఈ ఆర్నెల్లూ పేల్చినా పేల్చకపోయినా వారానికోసారి పైన తుడవాలి, నెలకోసారి విప్పాలి.

విప్పేముందు తూటాలు వరసగా దాగే మ్యాగజైన్ గొట్టం, పేలే తూటా కూర్చునే ఛాంబర్ రెండూ ఖాళీయో కాదో కంటితో చూడండి, వేలు పెట్టి తడమండి. పంపు తుపాకిలో ఛాంబర్ ఖాళీగా కనిపించినా మ్యాగజైన్ గొట్టంలో ఇంకో తూటా కూర్చుని ఉండొచ్చు. తర్వాత మ్యాగజైన్ మూత విప్పితే పైనున్న అసలు గొట్టం (బ్యారెల్) ఊడి వస్తుంది. రాడ్డు ఛాంబర్ వైపు నుంచే తోయాలి. మూతి వైపు నుంచి తోస్తే మసంతా యంత్రంలోకి దిగుతుంది. ముందు మసి కరిగించే సాల్వెంట్‌తో తడిపిన ఫాస్ఫర్ బ్రాంజ్ బ్రష్షు, తర్వాత పాత పంచె గుడ్డ ముక్కలు, గుడ్డ తెల్లగా వచ్చాక సన్నగా నూనె. ఛాంబర్ దాటగానే గొట్టం సన్నబడే చోట సీసం, ప్లాస్టిక్ మరక ఎక్కువ పట్టేస్తాయి. అక్కడ ఇంకాస్త ఓపిక పట్టాలి. అందరూ మర్చిపోయేది మ్యాగజైన్ గొట్టం లోపలి వైపు. స్ప్రింగు మీది తుప్పు బయటికి కనపడదు, తూటా సగంలో ఆగినప్పుడు తెలుస్తుంది. ఆ స్ప్రింగు తీసేటప్పుడు మొహం పక్కకి పెట్టుకోండి, బాణంలా దూసుకొస్తుంది.

నూనె గురించి మా వైపు ఎవరి శాస్త్రం వాళ్ళది. కొబ్బరి నూనె చలికాలంలో గడ్డకడుతుంది. ఆవనూనె ఆరి జిగురవుతుంది. కిరసనాయిలు మసిని బాగా లాగుతుంది గానీ ఆవిరయ్యాక ఇనుముని వట్టిగా వదిలేస్తుంది. తుపాకి నూనె దొరక్కపోతే కుట్టుమిషను నూనె నయం. డబ్ల్యూడీ-40 తడిసిన తుపాకిలోంచి నీళ్ళు తరిమెయ్యడానికి పనికొస్తుంది, నెలల తరబడి కాపలాకి కాదు. ఏ నూనైనా చుక్కల్లో వెయ్యాలి. ఎక్కువైతే కిందికి జారి, భుజానికి ఆనించే బట్టు చెక్కని మెత్తబరుస్తుంది, తూటాని కొట్టే పిన్ను దారిలో చేరి దుమ్ముని పట్టేస్తుంది. నూనె రాశాక ఒక రాత్రి మూతి కిందికి పెట్టి నిలబెడితే మిగులు అటే దిగిపోతుంది.

తూటాల విషయంలో పిసినారితనం వద్దు. ఖడ్కీలో తయారయ్యే శక్తిమాన్ మన జనానికి బాగా తెలిసిన సరుకు. ఏది కొన్నా కాగితపు గొట్టం రకం వానాకాలంలో ఉబ్బుతుంది, పంపులో ఇరుక్కుంటుంది. ప్లాస్టిక్‌వే అడగండి. ఇత్తడి అడుగున పచ్చగా పట్టినవి పక్కన పెట్టండి. 65 మిల్లీమీటర్ల తూటా 70 ఛాంబర్లో వాడొచ్చు, 70 తూటాని తాతల నాటి 65 జంట గొట్టాల తుపాకిలో వెయ్యకూడదు. లోపలికి దూరుతుంది, అదే ప్రమాదం. పేలాక తూటా మూతి మడత విప్పుకుని పొడవవడానికి చోటుండదు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే మూతి ఖాళీ దిక్కున ఉంచి అర నిమిషం ఆగాకే వెనక్కి లాగండి. మామూలు శబ్దం కాకుండా తుస్సుమంటే ఇంకో తూటా ఎక్కించకండి. గొట్టంలో వాడ్ (తూటాలో మందుకీ గుళ్ళకీ మధ్య ఉండే బిళ్ళ) ఇరుక్కుని ఉంటే రెండో దెబ్బకి గొట్టమే చీలుతుంది. తుపాకి ఖాళీ చేసి, గొట్టం ఊడదీసి వెలుతురుకి పెట్టి చూడండి.

హంగుల్లో నిజంగా అక్కరకొచ్చినవి మూడు. మొదటిది నైలాన్ పట్టీ. తోలు పట్టీ అందంగా ఉంటుంది, చెమటా వానా పీల్చుకుని ఇనుముకి అంటిస్తుంది. తోలు సంచీలో, కాన్వాసు సంచీలో తుపాకి దాచేవాళ్ళూ ఇదే తంటా కొనితెచ్చుకుంటున్నారు. సంచీ దారిలో మొయ్యడానికే. రెండోది సిలికా జెల్. తాళం వేసిన ఇనప బీరువాలో పెడితే నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగాక పెనం మీద సన్నసెగన వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. ఆ పెనం మీద మళ్ళీ అట్లు మాత్రం పొయ్యొద్దు, వేరేది పెట్టుకోండి. మూడోది బట్టుకి తొడిగే రబ్బరు ప్యాడ్. భుజానికి హాయే గానీ బట్టు పొడవు పెంచుతుంది. నాలాంటి పొట్టి చేతులవాళ్ళు పల్చటిది తీసుకోవాలి, లేదంటే ముందు చెక్క అందక వంగాల్సొస్తుంది.

తుపాకికి బిగించే టార్చి గురించి నా మాట కాస్త కటువుగా ఉంటుంది. రాత్రి తోటలో ఆకు కదిలిందంటే మొదట చెయ్యాల్సింది అదేంటో చూడ్డం. లైటు తుపాకికే ఉంటే చూడాలనుకున్న ప్రతిదాని మీదికీ గొట్టం తిరుగుతుంది. ఆ కదిలింది పక్క చేను పాలికాపు కావచ్చు, తప్పిపోయిన పెయ్య కావచ్చు. నేను తలకి కట్టుకునే లైటు పెట్టుకుంటాను, తుపాకి భుజానే ఉంటుంది. టెలిస్కోపూ, పిస్తోలు పిడిలాంటి బట్టూ, ఈ చేను కాపలాకి రెండూ దండగే. విప్పే చోకు (గుళ్ళు ఎక్కువ చెదరకుండా గొట్టం మూతికి బిగించే ముక్క) ఉన్న గొట్టమైతే మరలకి కొంచెం గ్రీజు రాసి ఉంచండి, లేకపోతే వానాకాలం అయ్యాక అది రాదు.

లైసెన్సుంటే పందిని కొట్టొచ్చనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2022 సవరణతో అడవిపంది వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్లోకి వచ్చింది. పంట పాడుచేసినా అటవీ అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా కొట్టడం నేరమే. లఖారి అభయారణ్యం వైపు నుంచి ఏనుగులు దిగితే అసలు తుపాకి ఊసే ఎత్తకూడదు, ఫారెస్టు వాళ్ళకి ఫోను చెయ్యాలి. పెళ్ళిళ్ళలో ఇంకో గొడవ. "బావా, ఊరేగింపులో ఒక్కటి పేల్చు" అంటాడు మా చెల్లెలి మొగుడు. 2019 సవరణ తర్వాత దానికి రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. టపాకాయల ఖర్చు నాదేనని చెప్పి ఊరుకోబెట్టాను.

సరిహద్దు ఊళ్ళవాళ్ళకి ఇంకోటి. పర్లాకిమిడి దాటితే పాతపట్నమే. సంతకీ చుట్టపు చూపుకీ మనకది ఒకే ఊరులా ఉంటుంది, లైసెన్సుకి కాదు. పుస్తకంలో చెల్లుబాటు పరిధి ఎంతవరకని రాసుందో చదువుకోండి. ఒడిశా వరకే అని ఉంటే ఆంధ్రాలో ఉన్న చేనుకి భుజాన వేసుకుని వెళ్ళడానికి లేదు, పరిధి పెంచమని ముందే దరఖాస్తు పెట్టుకోవాలి.

ఎన్నికలొస్తే తుపాకి అప్పగించమంటారు. 2024 మే 13న ఇటు మాకూ అటు ఆంధ్రాకీ ఒకే రోజు పోలింగు. అలా వారాల తరబడి మన చేతిలో ఉండదు కాబట్టి ఇచ్చేముందు నూనె చాలదు, గ్రీజు పల్చగా పట్టించి ఇవ్వాలి. పట్టీ, తూటా పట్టెడ లాంటివి ఊడదీసి ఇంట్లో ఉంచుకుని, నంబరుతో సహా రసీదు తీసుకోండి. తిరిగి తెచ్చుకున్నాక గొట్టంలోని గ్రీజంతా పోయేదాకా గుడ్డలు తోసి, వెలుతురుకి పెట్టి లోపల అద్దంలా కనిపిస్తేనే తూటా జోలికి వెళ్ళండి.