ఒకే అచ్చు, నాలుగు రంగులు: స్టార్‌స్క్రీమ్ జెట్ రీఇష్యూలపై సమీక్ష

తెలుగులో ‘అచ్చు’ అన్న మాట ముద్రణకూ వర్తిస్తుంది, మూసకూ వర్తిస్తుంది. వాహనాల నుంచి రోబోలుగా మారే ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మల రీఇష్యూల గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండర్థాలూ ఒకేసారి పనికొస్తాయి, ఎందుకంటే ఇవి ఒక పాత పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేసినట్టు పాత లోహపు మూసల్లో మళ్ళీ పోసి తీసిన బొమ్మలు. స్టార్‌స్క్రీమ్, థండర్‌క్రాకర్, స్కైవార్ప్, సన్‌స్టార్మ్ అనే నాలుగు ఎఫ్-15 జెట్ విమానాలు నా అలమారలో పక్కపక్కనే ఉన్నాయి. రంగు తీసేస్తే నాలుగూ అచ్చు గుద్దినట్టు ఒక్కటే. అలాంటప్పుడు ఒకటి కొన్నవారు రెండోది కొనడానికి కారణం ఏమిటన్నదే ఈ సమీక్షలో నేను తేల్చుకోదలచిన ప్రశ్న.

ఈ విమానం మొదట ట్రాన్స్‌ఫార్మర్స్ కోసం తయారైనది కాదు. జపాన్‌కు చెందిన టకారా సంస్థ 1980లో ప్రారంభించిన డయాక్లోన్ శ్రేణిలో రోబోలు మనుషులు నడిపే యంత్రాలు, కాబట్టి వాటిలో చిటికెనవేలంత పైలట్ బొమ్మ కూర్చోవడానికి చోటు ఉండేది. అమెరికా బొమ్మల కంపెనీ హాస్‌బ్రో ఆ బొమ్మలను తీసుకుని 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో అమెరికా మార్కెట్లోకి తెచ్చినప్పుడు రోబోలకే ప్రాణం ఉందన్న కథ అల్లింది. దాంతో పైలట్‌కు పని లేకుండా పోయింది గాని మూస మాత్రం మారలేదు. అందుకే ఈ రీఇష్యూలో కూడా కాక్‌పిట్ మూత తెరుచుకుంటుంది, లోపల ఎవరూ కూర్చోని సీటు కనబడుతుంది. కొత్తగా గీసి తయారుచేసే ఆధునిక స్టార్‌స్క్రీమ్ బొమ్మలు ఎంత చక్కగా కదిలినా, ఆ ఖాళీ సీటు వల్ల ఈ బొమ్మకున్న పాతకాలపు రుచి వాటిలో నాకు దొరకలేదు.

బొమ్మగా దీని లోపాలను దాచవలసిన అవసరం లేదు. రెక్కలు, పిడికిళ్ళు, తోక భాగాలు, చక్రాలు వేరువేరు ముక్కలు. విమానాన్ని రోబోగా మార్చడమంటే మడతపెట్టడంతోపాటు కొన్నిటిని ఊడదీసి మరికొన్నిటిని తగిలించడం కూడా. నిలబెట్టిన తర్వాత భుజాలు తిరగడం మినహా చెప్పుకోదగ్గ కదలిక ఏదీ లేదు. అయినా లోహ భాగాల వల్ల చేతికి తెలిసే బరువు, ముక్కు మడతపడి తల బయటికి వచ్చేటప్పుడు వినిపించే ‘టక్’మనే చప్పుడు, ఈ రెండూ రీఇష్యూలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. పాత మూస నుంచి తీసినవి కనుక కొన్ని అంచుల్లో సన్నని ప్లాస్టిక్ పొర మిగిలి ఉంది, అయితే అది గోటితో గీకితే పోయేంతే.

క్షిపణుల విషయంలో మాత్రం కొనేవారు జాగ్రత్తగా చూసుకోవాలి. హాస్‌బ్రో 2002లో మొదలుపెట్టిన కమెమొరేటివ్ సిరీస్ రీఇష్యూలలో, చిన్న క్షిపణి పిల్లల గొంతులో ఇరుక్కుంటుందన్న భద్రతా కారణంతో వాటిని బాగా పొడవు చేశారు. ఫలితంగా స్టార్‌స్క్రీమ్ రెండు చేతులకూ పొడవాటి గొట్టాలు తగిలించినట్టు ఉంటుంది. ఆ సిరీస్‌లోనే ఆప్టిమస్ ప్రైమ్ లారీ పొగగొట్టాలను పొట్టిగా కత్తిరించారు. కారణం సమంజసమైనదే, దానిపై నాకు ఫిర్యాదు లేదు. కాని రీఇష్యూ అన్న మాటను ‘యథాతథం’ అన్న అర్థంలో తీసుకోకూడదనడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు. పేర్లూ అంతే. ట్రేడ్‌మార్క్ చిక్కుల వల్ల ఆ సిరీస్‌లో బ్లూస్ట్రీక్ కాస్తా సిల్వర్‌స్ట్రీక్ అయింది. మొదటినుంచీ వెండి రంగులోనే అమ్ముడైన ఆ కారుకు, నిజం చెప్పాలంటే, కొత్త పేరే బాగా నప్పింది.

ఇక రంగుల సంగతి. రీకలర్, అంటే అదే మూసకు వేరే రంగు వేసి కొత్త బొమ్మగా అమ్మడం, కంపెనీ బద్ధకమని తీసిపారేసేవారితో నేను ఏకీభవించను. ఒకే వ్యాను మూసకు ఎరుపు వేస్తే ఐరన్‌హైడ్ అనే యోధుడు, తెలుపు వేసి అంబులెన్స్ గుర్తు పెడితే రాచెట్ అనే వైద్యుడు వచ్చారు. అక్కడ రంగు ఆ బొమ్మ చేసే పనినే మార్చేసింది. జెట్ విమానాలకు ఆ వెసులుబాటు లేదు. నాలుగూ యుద్ధ విమానాలే, నాలుగూ ఒకే జట్టువే, కాబట్టి రంగు ఒక్కటే తన బలం మీద తాను నిలబడాలి. స్టార్‌స్క్రీమ్ బూడిద రంగు మీద మూసలోని ప్రతి గీతా స్పష్టంగా కనబడుతుంది, ఎరుపు, నీలం భాగాలు చూపును ఒకచోట ఆగనివ్వవు. స్కైవార్ప్ నలుపు ఆ గీతలన్నిటినీ మింగేసి ఆకారాన్ని మాత్రమే మిగులుస్తుంది. ఊదా రంగు ఆ చీకటిలో అంచులను చూపిస్తుంది, అందువల్ల అదే బొమ్మ మరింత బరువైనదిగా, క్రూరమైనదిగా తోస్తుంది. థండర్‌క్రాకర్ నీలం అందమైనదే గాని ఈ రెంటి మధ్య నిలబెడితే కొత్తగా చెప్పేది తక్కువ. సన్‌స్టార్మ్ కథ వేరు. కార్టూన్ తొలి ఎపిసోడ్‌లో గుంపులో కనబడిన పేరులేని నారింజ రంగు జెట్‌కు అభిమానులకోసం తర్వాత పేరు పెట్టి, జపాన్‌లో ఈ-హాబీ దుకాణం ప్రత్యేక బొమ్మగా విడుదల చేశారు. ఒక క్షణం తెరపై మెరిసిన రంగుకోసం పూర్తి బొమ్మ కొనడం సేకరణ జ్వరానికి లక్షణమని తెలిసే కొన్నాను.

స్కైవార్ప్‌ను మాత్రం నేను రెండుసార్లు కొనవలసి వచ్చింది. మొదటిది ఒక వ్యక్తి పెట్టె తెరిచిన రీఇష్యూ అని అమ్మినది. స్టార్‌స్క్రీమ్ పక్కన చేతిలోకి తీసుకోగానే తేలికగా అనిపించింది. లోహం ఉండవలసిన చోట ప్లాస్టిక్‌కు వెండి పూత పూసి ఉంది, స్టిక్కర్ల అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి, రెక్క ఎంత నొక్కినా గాడిలోకి పూర్తిగా దిగలేదు. అది నకిలీ. రీఇష్యూల ధాటికి పాత బొమ్మల ధరలు దిగుతాయని ఆశపడేవారు, ఈ నకిలీల బెడదను కూడా లెక్కలో వేసుకోవాలి. తూకం వేయకుండా, తయారీదారు ముద్రను దగ్గరగా తీసిన ఫొటో అడగకుండా పెట్టె తెరిచిన బొమ్మను కొనవద్దని చెబుతాను.

ఒక్కటే కొనదలిస్తే స్టార్‌స్క్రీమ్ తీసుకోండి. రెండోదానికి చోటుంటే స్కైవార్ప్. పొడవాటి క్షిపణులు నచ్చనివారు జపాన్ విడుదలల కోసం వెతకడం మేలు. స్టిక్కర్లను తొందరపడి అతికించకండి, ఒకసారి వంకరగా పడితే సరిచేయడం కష్టం. స్టార్‌స్క్రీమ్‌వి నేను పట్టుకారుతో రెండు సాయంత్రాలు కూర్చుని అతికించాను. సన్‌స్టార్మ్ స్టిక్కర్ల షీటు మాత్రం ఇంకా పెట్టెలోనే ఉంది.