నర్సింగ్ ప్రొఫెసర్‌కి పాఠాలా, పాలసీనా?
విశాఖలో నర్సింగ్ ప్రొఫెసర్లు కొందరు అడుగుతుంటారు, కాలేజీలోనే ఉండిపోవాలా, హెల్త్ పాలసీ వైపు వెళ్లాలా అని. కాలేజీలో అయితే ఫలితం కళ్లముందే ఉంటుంది, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) వార్డులో స్టూడెంట్ కాన్యులా (నరంలోకి సెలైన్ ఎక్కించే సన్నటి గొట్టం) పెట్టేముందు చేతులు కడుక్కుందో లేదో అక్కడికక్కడే చూసి సరిదిద్దొచ్చు, జీతం కూడా టంచనుగా పడుతుంది (ప్రైవేట్‌లో అది దేవుడి దయ అనుకోండి). పాలసీ పనికి మాత్రం ఓపిక కావాలి, 2016లో సుప్రీంకోర్టు చెప్తే వేసిన కమిటీ, 50 బెడ్లలోపు ప్రైవేట్ ఆస్పత్రిలో కూడా నర్సుకి నెలకి కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలంది, దాన్ని అమలు చేయించడమే అసలు పని. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో కొత్తది 2023లో గానీ రాలేదు. అయినా నా ఓటు పాలసీకే, వార్డులో నైట్ డ్యూటీలు చేసినోళ్లు కమిటీల్లో లేకపోతే రూల్స్ ఎలా వస్తాయో తెలిసిందేగా. ఉద్యోగం మాత్రం ఇప్పుడే వదిలేయకండి, ముందు నర్సుల అసోసియేషన్‌లో పని మొదలెట్టండి.