మెటార్: ముడి కోడ్ మేలా, యాప్ విడమరిచింది మేలా?

ఫ్లయింగ్ స్కూల్లో చేరిన కొత్తలో అందరికీ వచ్చే సందేహమే ఇది. ఏ ఎయిర్‌పోర్టు వాతావరణమైనా చక్కటి వాక్యాల్లో చూపించే యాప్‌లు ఫోన్లో ఉండగా, మెటార్ అనే ఎయిర్‌పోర్టు వాతావరణ రిపోర్టులోని ఈ అక్షరాలు, అంకెలతో కుస్తీ ఎందుకు? డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) పెట్టే మెటియరాలజీ పేపర్ కోసం ఎలాగూ నేర్చుకోక తప్పదు, దాన్ని పక్కన పెడదాం. పాసయ్యాక రోజూ దేన్ని నమ్ముకోవాలి?

శంషాబాద్‌నే తీసుకుందాం. అక్కడ అరగంటకోసారి మెటార్ వస్తుంది. జనవరిలో ఒక తెల్లవారుజామున వరుసగా నాలుగు రిపోర్టులు ఒకదాని కింద ఒకటి ఉన్నాయనుకోండి (అంకెలు ఉదాహరణకే). విజిబిలిటీ 5000, 4000, 2500, 0800 మీటర్లు. ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) 19/16, 18/16, 17/16, 16/16. ఈ రెండూ దగ్గరయ్యే కొద్దీ ఫాగ్‌కు అవకాశం ఎక్కువ. గాలి 4 నాట్ల నుంచి 00000కి, అంటే పూర్తిగా పడిపోయింది. పై నుంచి కిందికి ఒక్కసారి కళ్లు పరిగెత్తిస్తే చాలు, ఫాగ్ దిగుతోందని మూడో లైన్ దగ్గరే తెలిసిపోతుంది. ఆ లైన్లో ఇంకా బీఆర్, అంటే మిస్ట్ అనే ఉంటుంది. విజిబిలిటీ 1000 మీటర్ల లోపుకు వస్తేనే ఎఫ్‌జీ అని రాస్తారు. ఆ ఎఫ్‌జీ వచ్చేదాకా ఆగితే మీరు బయల్దేరిపోయి ఉంటారు. విడమరిచిన రూపంలో ఒక్కో రిపోర్టే స్క్రీన్ సగం తినేస్తుంది. కింద ఉన్న రిపోర్టుతో పోల్చుకోవాలంటే స్క్రోల్ చేస్తూ అంకెలు గుర్తుపెట్టుకోవాలి. నా లెక్కలో ముడి కోడ్‌కు అన్నిటికన్నా పెద్ద బలం ఇదే.

మేఘాల దగ్గర యాప్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. ఎస్‌సీటీ అంటే ఆకాశాన్ని ఎనిమిది భాగాలు చేస్తే మూడు నాలుగు నిండాయని. బీకేఎన్ అంటే ఐదు నుంచి ఏడు. సీలింగ్ (ఆకాశాన్ని సగానికి పైగా కప్పిన మబ్బుల్లో అన్నిటికన్నా కింద ఉన్నదాని ఎత్తు) లెక్కలోకి వచ్చేది బీకేఎన్, ఓవీసీ (ఎనిమిదికి ఎనిమిదీ నిండినది) మాత్రమే. ఎస్‌సీటీ, బీకేఎన్ రెండింటినీ కలిపి ‘కొంత మబ్బు’ అని తేల్చేసే యాప్ పెళ్లికి వెళ్లేవాడికి సరిపోతుంది, అప్రోచ్ మినిమా (దిగడానికి ఉండాల్సిన కనీస వాతావరణ పరిమితులు) చూసుకునేవాడికి సరిపోదు. విజిబిలిటీ, మబ్బులు రెండూ బాగున్నాయని చెప్పే ‘కావోకే’ని ‘నిర్మలాకాశం’గా చూపించినా అంతే. 5000 అడుగుల పైన మామూలు మబ్బులు ఉన్నా కావోకే రావచ్చు. చివర్లో వచ్చే ట్రెండ్ కూడా వదలకూడదు. నోసిగ్ అంటే వచ్చే రెండు గంటల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదని. టెంపో అంటే మధ్య మధ్యలో కాసేపు మారుతుందని. కొన్ని యాప్‌లు ఈ ముక్కను మింగేస్తాయి.

అలాగని యాప్ దండగ అనను. టైమ్ విషయంలో అదే మేలు. 042230 జెడ్ అని ఉంటే రాత్రి నిద్ర లేని కళ్లకు నాలుగో తేదీ రాత్రి పదిన్నర అనిపిస్తుంది. జెడ్ అంటే యూటీసీ, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. మన టైమ్ ప్రకారం అది ఐదో తేదీ తెల్లవారుజామున 4 గంటలు. ఎప్పుడో గానీ కనపడని పీఓ (దుమ్ము సుడిగాలి), ఎస్‌క్యూ (ఉన్నట్టుండి విరుచుకుపడే ఈదురుగాలి) లాంటి కోడ్‌లు ఠక్కున గుర్తురానప్పుడూ యాపే దిక్కు. మొదటి నెలల్లో ముందు కోడ్ చదివి, నోటితో పైకి చెప్పి, ఆ తర్వాత యాప్‌తో సరిచూసుకోవడం మంచి పద్ధతి. తిరగేసి చేస్తే మాత్రం కోడ్ ఎప్పటికీ రాదు.

అమెరికాలో ట్రైనింగ్‌కు వెళ్లే మనవాళ్లకు ఇంకో మాట. అక్కడ విజిబిలిటీ మైళ్లలో, ప్రెషర్ అంగుళాల్లో ఉంటాయి. మన క్యూ1013 (1013 హెక్టోపాస్కల్స్) అక్కడ ఏ2992 (29.92 అంగుళాలు). రిమార్క్స్‌లో ఉష్ణోగ్రత పదో వంతు డిగ్రీ వరకు ఇస్తారు, ఫాగ్ అంచనాకు అది బంగారం. గాలి దిశ మెటార్‌లో ట్రూ నార్త్ (భౌగోళిక ఉత్తరం) నుంచి, టవర్ నోట మాగ్నెటిక్ (దిక్సూచి చూపే ఉత్తరం) నుంచి వస్తుంది. మన హైదరాబాద్‌లో తేడా ఒక డిగ్రీ అటూ ఇటూ కాబట్టి ఎవరూ పట్టించుకోరు. సియాటిల్ దగ్గర అది సుమారు 15 డిగ్రీలు. రన్‌వే నంబర్లు మాగ్నెటిక్ లెక్కలో ఉంటాయి గనక, అక్కడ క్రాస్‌విండ్ (రన్‌వేకు అడ్డంగా వీచే గాలి) లెక్క వేసేటప్పుడు యాప్ చూపించిన దిశ ఏ లెక్కదో ముందు తేల్చుకోండి.