పోస్ట్‌గ్రెస్ విండో ఫంక్షన్లు: లెక్క పక్కా, ఫ్రేమ్ మాత్రం మీరే రాయండి

వరుసలను ఒక్కటిగా కలిపేయకుండా, ప్రతి వరుస పక్కనే సంబంధిత వరుసల మొత్తం, ర్యాంకు లాంటివి లెక్కకట్టేవే విండో ఫంక్షన్లు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి ఇవి 2009లోనే, 8.4 వెర్షన్‌తో వచ్చాయి. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లు 2018లో 8.0 వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. అదే ఏడాది 3.25లో వీటిని చేర్చిన ఎస్‌క్యూలైట్ బృందం, ఎలా పనిచేయాలన్న దానికి పోస్ట్‌గ్రెస్‌నే ప్రమాణంగా తీసుకుంది. ఆ నమ్మకం సరైనదే.

ఎక్కువమంది తడబడేది డిఫాల్ట్ ఫ్రేమ్ దగ్గర. ఫ్రేమ్ అంటే ఒక్కో వరుసకు లెక్కలోకి తీసుకునే వరుసల పరిధి. విండోను నిర్వచించే ఓవర్ (OVER) భాగంలో ఆర్డర్ బై ఒక్కటే రాస్తే, ఫ్రేమ్ మొదటి వరుస నుంచి ప్రస్తుత వరుస దాకా, రేంజ్ (RANGE) పద్ధతిలో నడుస్తుంది. 1వ తేదీన 100, 2వ తేదీన 50, 30 ఉన్నాయనుకోండి. తేదీ మీద రన్నింగ్ టోటల్ తీస్తే 100, 180, 180 వస్తుంది. ఒకే తేదీ ఉన్న వరుసలన్నీ ఒకేసారి కలిసిపోతాయి కాబట్టి ఇది బగ్ కాదు, స్టాండర్డ్ చెప్పేదే అంత. 100, 150, 180 కావాలంటే ఫ్రేమ్‌ను రోస్ (ROWS) అని రాసి, ఆర్డర్ బైలో తేదీ తర్వాత ఐడీ కూడా పెట్టండి. ఐడీ లేకపోతే ఆ రెండు వరుసల్లో ఏది ముందొస్తుందో చెప్పలేం. లాస్ట్ వాల్యూ ఫంక్షన్ చివరి విలువ ఇవ్వకపోవడానికీ ఈ డిఫాల్టే కారణం. అక్కడ ఫ్రేమ్‌ను అన్‌బౌండెడ్ ఫాలోయింగ్ దాకా, అంటే చివరి వరుస దాకా పొడిగించాలి.

వేగం విషయానికొస్తే, ఖర్చు చాలావరకు సార్ట్‌దే, అంటే వరుసలను క్రమంలో పేర్చే పనిదే. క్వెరీ ఎలా నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌లో ఎక్స్‌టర్నల్ మెర్జ్ కనిపించిందంటే సార్ట్ డిస్క్ మీదకు పోయినట్టే. సార్ట్‌కు ఇచ్చే మెమరీ పరిమితి అయిన వర్క్‌మెమ్ (work_mem) డిఫాల్ట్ 4 ఎంబీ మాత్రమే. దాన్ని సర్వర్ మొత్తానికీ పెంచకండి, ఒక్కో సార్ట్ విడిగా అంత వాడుకోగలదు. ఆ ట్రాన్సాక్షన్ వరకు సెట్ లోకల్‌తో పెంచితే చాలు. అంతకన్నా మేలు, ముందు పార్టిషన్ కాలమ్ (వరుసలను గుంపులుగా విడదీసేది), తర్వాత ఆర్డర్ కాలమ్ వచ్చేలా ఇండెక్స్ వేయడం. క్వెరీని ఎలా నడపాలో తేల్చే ప్లానర్ దాన్ని ఎంచుకుంటే సార్టే ఉండదు.

వరుసతోపాటు మొదలూ ముందుకు జరిగే ఫ్రేముల్లో, ఫంక్షన్‌ను బట్టి వేగంలో తేడా బాగా తెలుస్తుంది. 9.4 నుంచి ఇంటీజర్, న్యూమరిక్ సమ్‌లలో ఫ్రేమ్ దాటిపోయిన విలువను తీసేస్తే సరిపోతుంది. మ్యాక్స్, మిన్, ఫ్లోట్ సమ్‌లకు ఆ సౌకర్యం లేదు. గత 1000 వరుసల మ్యాక్స్ అడిగితే, ఫ్రేమ్ మొదలు జరిగిన ప్రతిసారీ ఆ వెయ్యీ మళ్లీ చదవాల్సిందే. పెద్ద టేబుల్ మీద ఇది నిజంగా బాధపెడుతుంది.

ఓవర్‌తో కౌంట్ డిస్టింక్ట్ రాస్తే నేరుగా ఎర్రరే. విండో ఫలితాన్ని నేరుగా వడపోసే క్వాలిఫై (QUALIFY) పోస్ట్‌గ్రెస్‌లో లేదు కాబట్టి, వరుసలకు నంబర్లిచ్చే రో నంబర్ మీద వడపోతకు సబ్‌క్వెరీ తప్పదు. వెర్షన్ 15 నుంచి ఆ సబ్‌క్వెరీ బయట నంబర్ 3 లేదా అంతకన్నా తక్కువ అన్న షరతు ఉంటే, అది రన్ కండిషన్‌గా, అంటే లెక్క ఎక్కడ ఆపాలో చెప్పే షరతుగా లోపలికి వెళ్తుంది. పార్టిషన్ లేకపోతే మూడు వరుసల తర్వాత లెక్క అక్కడే ఆగుతుంది. పార్టిషన్ ఉంటే మిగతా వరుసలను చదవక తప్పదు. అందుకే ప్రతి కస్టమర్‌కూ మూడేసి ఆర్డర్లు కావాల్సినప్పుడు, కస్టమర్లు కొద్దిమందే ఉండి, ఒక్కొక్కరికీ వేల ఆర్డర్లుంటే, పైన చెప్పిన ఇండెక్స్ మీదే లేటరల్ జాయిన్ (ఒక్కో కస్టమర్‌కూ విడిగా సబ్‌క్వెరీ నడిపేది), లిమిట్ 3 వాడండి.

వ్యూలో (పేరు పెట్టి దాచుకున్న క్వెరీలో) ఉన్న విండో క్వెరీలతోనూ జాగ్రత్త. పార్టిషన్ కాలమ్ మీద పెట్టిన ఫిల్టర్ లోపలికి దిగుతుంది. పార్టిషన్‌లో లేని తేదీ మీద పెట్టింది దిగదు, దిగితే లెక్కే మారిపోతుంది. ఒక్క రోజు డేటా అడిగినా టేబుల్ మొత్తానికీ లెక్క కట్టాకే ఆ ఫిల్టర్ పడుతుంది.