చిలుక స్కిట్‌కు పదికి పది, మరి ఎపిసోడ్‌కు?

మా స్కూల్లో వార్షికోత్సవానికి పిల్లల చేత స్కిట్లు వేయించే పని పద్నాలుగేళ్ళుగా నాదే. మొదలుపెట్టడం ఎప్పుడూ కష్టం కాలేదు. ఒకరు డాక్టరు, ఒకరు పేషెంటు అంటే చాలు, మాటలు పిల్లలే అల్లేస్తారు. ముగింపు దగ్గరే అందరం ఆగిపోతాం. హాలంతా నవ్విన స్కిట్ కూడా చివరి అర నిమిషంలో చప్పబడిపోతుంది, పిల్లలు వరసగా నిలబడి దండం పెట్టి దిగిపోతారు. ప్రతి ఏడూ ఇదే బాధ. ఆ బాధతోనే ఈ వేసవిలో ‘మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్’ మొదటి నుంచి చివరి దాకా చూశాను. బీబీసీలో 1969 అక్టోబర్ 5న మొదలై, 1974 డిసెంబర్‌లో ముగిసిన బ్రిటిష్ కామెడీ స్కిట్ల షో. నాలుగు సిరీస్‌లు, 45 ఎపిసోడ్‌లు, ఒక్కోటి అరగంట. రోజుకొకటి చూసి, పూర్తికాగానే నోటు పుస్తకంలో గ్రేడ్ వేసుకున్నాను. మా తమ్ముడు పక్కన కూర్చుని వాడి గ్రేడ్ వాడు వేశాడు.

నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. అరగంటలో ఒక గొప్ప స్కిట్ ఉన్నంత మాత్రాన ఆ ఎపిసోడ్‌కు ఏ గ్రేడ్ ఇవ్వను. ఒక స్కిట్ నుంచి ఇంకోదానికి ఎలా దాటారో చూస్తాను. ఈ షో గొప్పతనమంతా ఆ దాటడంలోనే ఉందని నా నమ్మకం. ఈ షోవాళ్ళకంటే కొద్ది నెలల ముందు స్పైక్ మిల్లిగన్ అనే హాస్యనటుడు ‘క్యూ5’ అనే షోలో స్కిట్‌ను సగంలో వదిలేసి ఇంకోదానిలోకి వెళ్ళిపోయేవాడు. చివర్లో పంచ్ పడాలనే పాత కట్టుబాటును ఆయన అప్పటికే తెంచేశాడు. అది చూశాక వీళ్ళు ఇంకో అడుగు ముందుకు వేశారు. గ్రాహమ్ చాప్‌మన్, జాన్ క్లీజ్, ఎరిక్ ఐడిల్, టెర్రీ జోన్స్, మైకేల్ పేలిన్ రాసి నటించేవాళ్ళు. ఆరో మనిషి టెర్రీ గిలియమ్ అమెరికావాడు. పాత బొమ్మలు కత్తిరించి కదిలించే యానిమేషన్ ఆయనది. స్కిట్ ఎక్కడ తెగినా ఆ బొమ్మలు వచ్చి అందుకుంటాయి. టైటిల్స్ చివర అన్నిటినీ తొక్కేసే పెద్ద పాదం ఇటలీ చిత్రకారుడు బ్రోంజినో వేసిన మన్మథుడి పాదమే.

ఇది చూస్తుంటే నాకు పగటివేషాలవాళ్ళు గుర్తొచ్చారు. వాళ్ళ ఆటకు కూడా ముగింపంటూ ఉండదు. మన గుమ్మం ముందు మాట పండగానే పక్కింటి గుమ్మానికి వెళ్ళిపోతారు, నవ్వు మన దగ్గరే మిగిలిపోతుంది.

మొదటి ఎపిసోడ్‌కు బి ప్లస్ ఇచ్చాను. ఇటాలియన్ నేర్పే క్లాసులో విద్యార్థులు దాదాపు అందరూ ఇటలీవాళ్ళే, మాస్టారు ఒక్కడే ఇంగ్లీషువాడు. టీచర్‌ని కాబట్టి ఇది నాకు ఇంకాస్త ఎక్కువ నచ్చింది. ఎపిసోడ్ చివర్లో ప్రపంచంలోకెల్లా నవ్వించే జోకు వస్తుంది. రాసినవాడే నవ్వి నవ్వి చచ్చిపోతాడు. సైన్యం దాన్ని ఆయుధంగా వాడాలని జర్మన్‌లోకి అనువాదం చేయిస్తుంది. ఒక్కో అనువాదకుడికి ఒక్కో మాటే ఇస్తారు. పొరపాటున రెండు మాటలు చూసినవాడు కొన్ని వారాలు ఆసుపత్రిలో పడతాడు. ఆ జోకును ఇంగ్లీషులో మనకు ఒక్కసారి కూడా వినిపించరు. వినిపించి ఉంటే అంతా పాడయ్యేది. మధ్యమధ్య పందుల గోల మాత్రం అతికినట్టు లేదు. వీళ్ళు అతుకులు వేయడం ఇంకా నేర్చుకుంటున్నారని తెలిసిపోతుంది.

ఇక 1969 డిసెంబర్ 7న వచ్చిన ఎనిమిదో ఎపిసోడ్. చచ్చిన చిలుక స్కిట్ ఇందులోనిదే. జాన్ క్లీజ్ చిలుకను కొన్న షాపుకే తిరిగొచ్చి, మీరు అమ్మింది చచ్చిన చిలుక అంటాడు. షాపువాడు పేలిన్, కాదు, నిద్రపోతోంది అంటాడు. క్లీజ్ చిలుకను కౌంటర్‌కేసి కొడతాడు, పైకి ఎగరేస్తాడు, అది నేల మీద పడుతుంది. ఆ తర్వాత చచ్చిపోవడానికి ఇంగ్లీషులో ఎన్ని నుడికారాలుంటే అన్నీ ఒక్క ఊపులో చదువుతాడు. మన దగ్గరైతే కాలం చేసింది, కన్నుమూసింది, గుటుక్కుమంది, బాల్చీ తన్నేసింది అని వరసపెట్టి అరిచినట్టు. కోపం పెరిగేకొద్దీ మాట మరీ స్పష్టంగా, మరీ మర్యాదగా వస్తుంది. మా పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా రాని కిటుకు ఇదే. వాళ్ళు కోపమనగానే అరుస్తారు. పేలిన్ వైపు చూడటం కూడా మరిచిపోవద్దు. అతను ముఖంలో ఏమీ కనపడనివ్వడు, కళ్ళు మాత్రం కొంచెం పక్కకు తిప్పుతాడు. పదికి పది.

అయితే ఆ స్కిట్ ముగింపు బలహీనమే. ఇంకో ఊరికి పంపడం, తిరిగి రావడం, చివరికి క్లీజ్ స్వయంగా ఇది మరీ పిచ్చిగా తయారవుతోందని వదిలేయడం. ఇదే వేరే ఎపిసోడ్‌లో వస్తే మార్కులు తగ్గించేదాన్ని. ఇక్కడ తగ్గించలేదు. ఎందుకంటే చాప్‌మన్ వేసిన కల్నల్ మొదటి నుంచీ మాటిమాటికీ స్కిట్ల మధ్యకు వచ్చి, పిచ్చిగా ఉంది, ఆపేయండి అంటూనే ఉన్నాడు. పరుపు అనే మాట వినగానే తల మీద సంచి వేసుకునే షాపువాడినీ, చిలుక తర్వాత వచ్చే, వీధుల్లో జనాన్ని కొట్టే ముసలమ్మల ముఠానూ ఆయన వదిలిపెట్టడు. చిలుక దగ్గరికి వచ్చేసరికి స్కిట్ తనే తనను ఆపేసుకుంటుంది. అరగంటంతా ఒక్క తీగ మీద నడిచింది. ఏ.

“అక్కా, చిలుక లేకపోతే దీనికి సి కూడా రాదు” అన్నాడు మా తమ్ముడు. చిలుకను దాటవేసి మిగతాది ఇంకోసారి వేసి చూపించాను. బి ఇచ్చాడు.

రెండో సిరీస్ మొదటి ఎపిసోడ్ (1970 సెప్టెంబర్ 15) వింత నడకల మంత్రిత్వ శాఖ వల్ల ప్రసిద్ధి. కానీ నేను మార్కులు వేసింది అంతకు ముందు క్షణానికి. ఒకావిడ ఇంటికి గ్యాస్ స్టవ్ తెచ్చినవాళ్ళు కాగితాల దగ్గర తకరారు పెట్టుకుని, ఒక్కొక్కరే చేరి, వీధి పొడుగునా వరస కడతారు. ఆ వరస పక్క నుంచే పేపరు చంకలో పెట్టుకుని, కాళ్ళు ఆకాశానికి విసురుతూ క్లీజ్ ఆఫీసుకు వెళ్తుంటాడు. కథను ఇంకోదానికి అప్పగించడం అంటే అదీ. తర్వాత వచ్చే పిరానా అన్నదమ్ముల కథ కొంచెం సాగింది. ఏ మైనస్.

ఆ తర్వాతి వారం స్పానిష్ ఇంక్విజిషన్, అంటే మతం తప్పారని జనాన్ని విచారించి హింసించిన పాతకాలపు స్పెయిన్ మత న్యాయస్థానం. ఎవరైనా ‘స్పానిష్ ఇంక్విజిషన్ లాంటిది ఎదురవుతుందని అనుకోలేదు’ అని విసుక్కోగానే ముగ్గురు ఎర్ర అంగీల మతాధికారులు తలుపు తోసుకుని లోపలికి దూకుతారు. చిత్రహింసలకు వాళ్ళు తెచ్చేది మెత్తటి దిండ్లు, హాయైన కుర్చీ. ఈ ఎపిసోడ్‌కు ఏ ప్లస్ ఇచ్చింది మాత్రం చివరి నిమిషానికి. ఎపిసోడ్ చివర కోర్టులో ఎవరో ఆ మాట అంటారు, అందరూ తలుపు వైపు చూస్తారు. ముగ్గురూ ఇంకా దారిలోనే ఉన్నారు, బస్సు పట్టుకుని పరుగున వస్తున్నారు. తెర మీద పేర్లు పడటం మొదలైపోయింది. పేర్లు అయిపోయేలోగా చేరాలని వాళ్ళ ఆత్రం. తలుపు తోసుకుని డైలాగ్ మొదలుపెట్టేసరికి ‘సమాప్తం’ పడిపోతుంది. పేర్లు పడటాన్ని కూడా కథలో భాగం చేయొచ్చని నాకు ఇంతవరకు తోచనే లేదు.

1970 డిసెంబర్ 15న వచ్చిన స్పామ్ ఎపిసోడ్‌కూ ఏ. హోటల్ మెనూలో దాదాపు ప్రతి వంటకంలోనూ స్పామ్ అనే డబ్బా మాంసమే, పక్కన వైకింగులు దాని పేరే పాడుతుంటారు. ఈమెయిల్‌లో వచ్చే చెత్తకు స్పామ్ అనే పేరు ఈ స్కిట్ నుంచే వచ్చింది. ఇందులోనే నాకు ఇంకా ఇష్టమైనది కార్ల్ మార్క్స్, లెనిన్, చే గువేరా, మావో కూర్చున్న క్విజ్. కోవెంట్రీ సిటీ ఫుట్‌బాల్ జట్టు ఇంగ్లండ్‌లోని ఎఫ్ఏ కప్ చివరిసారి ఎప్పుడు గెలిచిందని అడుగుతారు. ఎవరూ చెప్పలేరు. అసలు ఎప్పుడూ గెలవలేదన్నదే జవాబు. 1987లో ఆ జట్టు నిజంగానే కప్ గెలిచింది. స్కిట్‌లోని జవాబు పదిహేడేళ్ళకు తప్పయింది. నవ్వు మాత్రం తగ్గలేదు.

మూడో సిరీస్‌లో చీజ్ షాపు స్కిట్ అందరూ మెచ్చుకునేదే. ఒక్క రకం చీజ్ కూడా లేని చీజ్ షాపు. ఆ ఎపిసోడ్‌లో మిగతాది దానికి తోడు రాలేదు, బి.

1972 నవంబర్ 2 నాటి ఎపిసోడ్‌లోని వాదనల క్లినిక్ మాత్రం నా సమస్యకు నేరుగా జవాబు చెప్పింది. డబ్బు కట్టి వాదించుకోవడానికి వచ్చిన మనిషితో క్లీజ్ ‘కాదు’ అనడం తప్ప ఇంకేమీ అనడు. వాదనంటే ఊరికే కాదనడం కాదని పేలిన్ అంటే, దానికీ కాదంటాడు. ఇది ఎటూ తేలదని మనకు అనిపించేసరికి ఒక పోలీసు ఇన్‌స్పెక్టర్ వచ్చి, వింత స్కిట్ నడిపినందుకు అరెస్టు అంటాడు. వెంటనే ఇంకో పోలీసు వచ్చి, ప్రతి స్కిట్‌నూ పోలీసును పంపి ముగిస్తున్నందుకు మొదటివాడిని అరెస్టు చేస్తాడు. అనగానే తను చేస్తున్నదీ అదేనని అతనికి అర్థమవుతుంది. మూడో చెయ్యి వచ్చి అతని భుజం మీద పడుతుంది. ముగింపు లేకపోవడాన్నే ముగింపుగా మార్చారు. ఏ ప్లస్. తొమ్మిదో తరగతి పిల్లలతో వాదనల ముక్క మాత్రం తెలుగులో వేయించి చూశాను. మూడు నిమిషాలు ఎక్కడా తడబడలేదు.

షో మొత్తం పిల్లలకు చూపించను. కొన్ని ఎపిసోడ్‌లలో బట్టలు లేని బొమ్మలు, బూతు మాటలు ఉన్నాయి. ఇంకోటి నన్ను 45 ఎపిసోడ్‌లూ బాధపెట్టింది. నవ్వించే ముసలమ్మల పాత్రలన్నీ మగవాళ్ళే చీర... కాదు, గౌన్లు కట్టుకుని వేస్తారు. చాలా ఎపిసోడ్‌లలో కనిపించే నటి క్యారల్ క్లీవ్‌లాండ్‌కు మాత్రం అందంగా నిలబడే పనే ఎక్కువ. మాట ఇచ్చిన చోట ఆమె టైమింగ్ ఎవరికీ తీసిపోలేదు. ఈ కారణంగా రెండు ఎపిసోడ్‌లకు గ్రేడ్ తగ్గించాను.

నాలుగో సిరీస్‌లో ఆరే ఎపిసోడ్‌లు. క్లీజ్ నటించడం మానేశాడు, ఆ లోటు తెలుస్తూనే ఉంటుంది. సగటున సి ప్లస్. ఒక్క మూడో ఎపిసోడ్‌కు బి ప్లస్ ఇచ్చాను. మాటలను చెక్క శబ్దం చేసేవి, రేకు శబ్దం చేసేవి అని ఒక కుటుంబం విడదీస్తుంది. ఆ రాత్రి తెలుగు మాటలను అలా విడదీస్తూ చాలాసేపు మేలుకున్నాను. ‘గుమ్మడి’ చెక్క, ‘చిట్టి’ రేకు.

మా ఇద్దరికీ పెద్ద గొడవ ‘సైక్లింగ్ టూర్’ దగ్గర వచ్చింది. 1972 డిసెంబర్‌లో వచ్చింది. స్కిట్లు లేవు, అరగంటా ఒకే కథ. పేలిన్ సైకిల్ మీద ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ తిరుగుతూ, పడిపోతూ, నలిగిన టిఫిన్ గురించి దిగులుపడుతూ, ఎలాగో మాస్కోలో కాల్చి చంపే దళం ముందు నిలబడతాడు. దళం గురి తప్పుతుంది. సైనికులు బాయినెట్లు పట్టుకుని మీదికి పరుగెత్తుతారు. అప్పుడు తెర మీద ‘ఇక్కడి సీను లేదు’ అని ఒక కార్డు. మరుక్షణం అతను మళ్ళీ కార్న్‌వాల్‌లో, ఎంత అద్భుతంగా తప్పించుకున్నామో అంటుంటాడు.

“ఇది మోసం అక్కా. తప్పించుకోవడం ఎలాగో రాయడం రాక కార్డు పెట్టారు” అని తమ్ముడు సి ఇచ్చాడు. నేను ఏ ఇచ్చాను. ఆ కార్డు పడ్డప్పుడు నువ్వు నవ్వావా లేదా అని అడిగాను. నవ్వానన్నాడు. గ్రేడ్ మాత్రం మార్చలేదు, నేనూ మార్చలేదు. నోటు పుస్తకంలో ఆ పేజీలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి.